అమ్మ మీద నింద, బిడ్డ ఒంట్లో నొప్పి

ఈవేళ ప్రసంగం ఆటిజం గురించి. థెరపీలు, స్కూళ్ళ సంగతులు ఇదివరకే చాలా విని ఉంటారు. నేను చెప్పదలచుకున్నది చరిత్ర. ఆటిజం ఎందుకు వస్తుంది అన్న ప్రశ్నకి గత 80 ఏళ్ళలో డాక్టర్లు ఏమేం జవాబులు చెప్పారు, ఆ జవాబుల గొడవలో పిల్లవాడి ఒంటి బాధ ఎలా మరుగున పడింది అన్నది.

మన ఇళ్ళల్లో ఈ ప్రశ్న ఎలా వస్తుందో మీకు తెలుసు. బిడ్డకి మూడేళ్ళు వచ్చినా మాటలు రాకపోతే, ఇండియా నుంచి ఫోనులో మొదట వినపడేది "నువ్వు పొద్దున్నే ఆఫీసుకి పోతే వాడితో మాట్లాడేదెవరు అమ్మాయ్" అని. అబ్బాయి ఆఫీసు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఇది మన అత్తగార్లకే పుట్టిన ఆలోచన అనుకోకండి. అచ్చంగా ఇదే మాటని అమెరికాలో పేరుమోసిన డాక్టర్లు పాతికేళ్ళపాటు శాస్త్రమని చెప్పారు.

1943లో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. 8 మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. ఆటిజం అన్న మాటకి ఈనాటి అర్థం చాలావరకు అక్కడే మొదలైంది. తోటి మనుషులతో కలిసే సహజమైన శక్తి ఈ పిల్లలకి పుట్టుకతోనే లోపించిందని ఆ వ్యాసం చివర తేల్చాడు. పుట్టుకతోనే అన్నాడు, గమనించండి. అంతే కాదు. వీళ్ళలో చాలామందికి పసితనంలో పాలు పట్టడం, తిండి పెట్టడం పెద్ద ప్రయాస అయిందనీ, ఐదుగురికి తల కాస్త పెద్దదిగా ఉందనీ కూడా రాసిపెట్టాడు. అంటే మొట్టమొదటి వ్యాసంలోనే పిల్లల శరీరం గురించి ఆనవాళ్ళు ఉన్నాయి. వాటి వెంట వెళ్ళినవాళ్ళు ఆ రోజుల్లో దాదాపు లేరు.

ఎందుకంటే అదే వ్యాసంలో తల్లిదండ్రుల గురించి కూడా ఒక మాట ఉంది. బాగా చదువుకున్నవాళ్ళు, ఆప్యాయత తక్కువైన మనుషులు అని. ఇక్కడ కొంచెం ఆలోచించండి. 1940ల్లో దేశంలోకెల్లా పెద్ద పిల్లల మానసిక వైద్యుడి దగ్గరకి బిడ్డని తీసుకురాగలిగింది ఎవరు? డబ్బు, చదువు ఉన్నవాళ్ళేగా! బిడ్డ గురించి పేజీలకి పేజీలు రాసుకొచ్చి డాక్టరు చేతిలో పెట్టిన తండ్రిని చూసి, ఈయన ఎంత చల్లటి మనిషో అనుకున్నారు. ఆ తర్వాత కానర్ మొగ్గు కూడా ఆ వైపుకే జరిగింది. క్రమంగా "రిఫ్రిజిరేటర్ మదర్" అన్న పేరు జనం నోళ్ళలో పడింది.

దాన్ని బాగా ప్రచారం చేసినవాడు బ్రూనో బెటిల్‌హైమ్. వియన్నా నుంచి వచ్చిన యూదుడు, నాజీల నిర్బంధ శిబిరాల్లో నెలల తరబడి మగ్గినవాడు. చికాగో విశ్వవిద్యాలయంలో మానసిక సమస్యలున్న పిల్లల స్కూలు నడిపాడు. 1967లో వచ్చిన పుస్తకంలో ఈ పిల్లల పరిస్థితిని శిబిరాల్లోని ఖైదీల పరిస్థితితో పోల్చాడు. మరి ఆ పోలికలో కాపలావాడు ఎవరు? అమ్మే. బిడ్డని ఇంటి నుంచి దూరంగా ఉంచడమే వైద్యం అయింది. తల్లులు తమ బిడ్డని తామే పాడుచేసుకున్నామని నమ్మి బతికారు.

దీన్ని ఎదిరించినవాడు ఒక తండ్రి. బెర్నార్డ్ రిమ్లాండ్ శాన్ డియాగోలో నౌకాదళానికి పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్త. కొడుకు 1956లో పుట్టాడు, పుట్టినప్పటి నుంచీ ఆగని ఏడుపు. తన భార్య చల్లటి మనిషి కాదని ఆయనకి తెలుసు. దొరికిన పరిశోధన అంతా చదివి, ఆటిజం మెదడుకి సంబంధించిన విషయమని వాదిస్తూ 1964లో పుస్తకం వేశాడు. దానికి ముందుమాట రాసింది సాక్షాత్తూ కానర్. 1969లో తల్లిదండ్రుల జాతీయ సమావేశంలో నిలబడి, మిమ్మల్ని నిర్దోషులుగా ప్రకటిస్తున్నానని కానర్ చెప్పాడు. మంచిదే. కానీ నిందకి ఊపిరి పోసిన చేతే విడుదల పత్రం ఇవ్వడం నాకు కొంచెం చేదుగానే అనిపిస్తుంది.

వాదన వేరు, రుజువు వేరు. గట్టి రుజువుల్లో ఒకటి అనుకోని వైపు నుంచి వచ్చింది. 1964 ప్రాంతంలో అమెరికాలో రుబెల్లా పెద్ద ఎత్తున వ్యాపించింది. గర్భిణిగా ఉండగా రుబెల్లా సోకిన తల్లుల బిడ్డలు 243 మందిని న్యూయార్కులో స్టెల్లా చెస్ అనే వైద్యురాలు పరీక్షించింది. 1971లో ఆమె ప్రకటించిన ప్రకారం వారిలో 10 మందికి ఆటిజం ఉంది. ఆ కాలపు లెక్కలతో పోలిస్తే అది ఎన్నో రెట్లు ఎక్కువ. కడుపులోని బిడ్డ మెదడుని ఒక వైరస్ దెబ్బతీస్తే ఆటిజం రావచ్చని తేలింది. ఎమ్మెమ్మార్ టీకాలో ఒక 'ఆర్' ఈ రుబెల్లాదే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండో రుజువు 1977లో లండన్ నుంచి. సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ 21 జతల కవలల్ని పరిశీలించారు. ప్రతి జతలోనూ కనీసం ఒకరికి ఆటిజం ఉంది. 11 జతలు ఒకే అండం నుంచి పుట్టినవాళ్ళు, 10 జతలు వేరు వేరు అండాల నుంచి. కవలలందరికీ ఇల్లు ఒకటే, తల్లి ఒకటే. తల్లి తీరే కారణమైతే రెండు రకాల జతల్లోనూ ఒకేలా కనపడాలి. కానీ ఒకే అండం కవలల్లో 4 జతల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. రెండో రకంలో ఒక్క జత కూడా లేదు. చిన్న లెక్కే. కానీ పాతికేళ్ళ నిందని కూలదోయడానికి సరిపోయింది.

ఆ తర్వాత జన్యువుల వేట. 1991లో ఫ్రాజైల్ ఎక్స్‌కి, 1999లో రెట్ సిండ్రోమ్‌కి కారణమైన జన్యువులు దొరికాయి. ఆటిజానికి మాత్రం ఒక్క జన్యువంటూ లేదు, వందల్లో ఉన్నాయి. ఐదు దేశాల్లో 20 లక్షల మంది పిల్లల వివరాలతో 2019లో వచ్చిన అధ్యయనం, మనుషుల మధ్య ఈ తేడాలో సుమారు 80 శాతం వంశపారంపర్యమేనని లెక్క కట్టింది. గర్భిణులు వాడే వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు, బాగా నెలలు తక్కువ పుట్టుక లాంటివి కూడా ఆటిజం అవకాశాన్ని పెంచుతాయి.

ఇంత తెలిశాక కూడా నింద పోలేదు, వేషం మార్చింది. 1998లో లండన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లల మీద వ్యాసం రాసి, ఎమ్మెమ్మార్ టీకాకీ, పేగు జబ్బుకీ, ఆటిజానికీ ముడిపెట్టాడు. 2010లో లాన్సెట్ పత్రిక ఆ వ్యాసాన్ని రద్దు చేసింది, ఆయన డాక్టరు పట్టా పోయింది. డెన్మార్కులో 6,57,461 మంది పిల్లల్ని గమనించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో టీకాతో ఏ సంబంధమూ కనిపించలేదు. కానీ మినెసోటాలో మనలాగే వలస వచ్చిన సోమాలీ కుటుంబాలు ఆ భయాన్ని నమ్మాయి. అక్కడ రెండేళ్ళ పిల్లల్లో ఈ టీకా 2004లో 92 శాతం మందికి వేస్తే, 2014కి అది 42 శాతానికి దిగింది. 2017లో తట్టు వచ్చి 70 మందికి పైగా పిల్లలు, పెద్దలు పడకేశారు. అసలు విచిత్రం చూడండి, ఆటిజానికి తెలిసిన కారణాల్లో ఒకటైన రుబెల్లాని ఆపేది ఆ టీకాయే.

2025 సెప్టెంబరులో వైట్‌హౌస్ నుంచి ఇంకో మాట వచ్చింది, గర్భిణులు టైలినాల్ వేసుకోవద్దని. మనం ఇండియాలో పారాసెటమాల్ అనేది అదే మందు. ఆ రోజు ఎంతమంది తల్లులు పదేళ్ళ కిందటి జ్వరాన్ని తలుచుకుని కుమిలిపోయారో! స్వీడన్‌లో సుమారు 25 లక్షల మంది పిల్లల లెక్కలు 2024లోనే వచ్చి ఉన్నాయి. ఒకే తల్లి బిడ్డల్లో ఆ మందు వాడిన కాన్పునీ, వాడని కాన్పునీ పోలిస్తే తేడా ఏమీ లేదు.

వేక్‌ఫీల్డ్ చేసిన కీడు టీకాతో ఆగలేదని నా అభిప్రాయం. ఆటిజం, కడుపు అన్న రెండు మాటలు కలిపి పలకడానికే మంచి పరిశోధకులు జంకే పరిస్థితి తెచ్చాడు. పిల్లలకి కడుపునొప్పి నిజం. 2014లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఈ పిల్లల్లో కడుపు బాధలు మిగతావారికంటే 4 రెట్లకు పైగా ఎక్కువ. మాట లేని బిడ్డ నొప్పి అని చెప్పలేడు. తల గోడకి కొట్టుకుంటాడు, చెయ్యి కొరుక్కుంటాడు, రాత్రంతా నిద్రపోడు. డాక్టరు "అది ఆటిజం లక్షణమే" అనేస్తే అసలు మలబద్ధకమో, పంటి నొప్పో, చెవి పోటో అలాగే ఉండిపోతుంది. 2010లో పీడియాట్రిక్స్ పత్రికలో నిపుణుల బృందం దీన్ని స్పష్టంగానే చెప్పింది. ప్రవర్తన ఉన్నట్టుండి మారితే నొప్పి ఉందేమో చూడాలి, మిగతా పిల్లలకి చేసే పరీక్షలన్నీ వీళ్ళకీ చేయాలి అని. పాలు, గోధుమ మానేస్తే ఆటిజం తగ్గుతుందనడానికి తగిన ఆధారం లేదని కూడా అంది. పెరుగన్నం తప్ప ఏదీ ముట్టని బిడ్డకి ఆ పెరుగు కూడా తీసేస్తే మిగిలేదేమిటి? రెండు మూడు పదార్థాలతో బతికే పిల్లలు కాలు నేల మీద మోపలేక ఆస్పత్రికి వస్తే, తీరా అది స్కర్వీ, అంటే సి విటమిన్ లోపమని తేలిన సందర్భాలు ఈ కాలంలోనే వైద్య పత్రికల్లో ఉన్నాయి.

మూర్ఛ సంగతి కూడా అంతే. ఈ పిల్లల్లో అది ఎక్కువ, యుక్తవయసులో కొత్తగా మొదలుకావచ్చు. 2016లో స్వీడన్‌లో 27 వేల మంది ఆటిజం ఉన్నవారి వివరాలు చూశారు. చనిపోయినవారి సగటు వయసు సుమారు 54, మిగతా జనంలో 70. బుద్ధిమాంద్యం కూడా ఉన్నవారిలో అది 40 కంటే తక్కువ, వాళ్ళ మరణాల్లో మూర్ఛది పెద్ద పాలు. కానర్ రాసిన 11 మందిలో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్ మిసిసిపీలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు. 2023 జూన్‌లో 89 ఏళ్ళ వయసులో పోయాడు. ఊరంతా ఆయన్ని ఎరిగినవాళ్ళే, కనిపెట్టుకుని ఉన్నవాళ్ళే.