గోదావరి మొగల ఒండ్రులో అయస్కాంత ఆనవాళ్ళు

గోదావరి సముద్రంలో కలిసే మొగల వద్ద పేరుకునే ఒండ్రులో ఇనుప ఆక్సైడ్ల రేణువులు విస్తారంగా ఉంటాయి. నాసిక్ సమీపంలోని త్ర్యంబకేశ్వరం వద్ద జన్మించి 1,465 కిలోమీటర్లు ప్రవహించే ఈ నది, ఎగువన చాలా దూరం దక్కన్ బసాల్ట్ శిలలను ఒరుసుకుంటూ సాగుతుంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం లావా గట్టిపడి ఏర్పడిన ఈ నల్లరాతిలో టైటానియం కలిసిన మాగ్నటైట్ ఉంది. రాయి శిథిలమయ్యే కొద్దీ ఆ రేణువులు వరదనీటితో దిగువకు చేరుతాయి.

ఇనుప ఆక్సైడ్లన్నీ ఒకే విధమైనవి కావు. మాగ్నటైట్‌కు అయస్కాంత గుణం బలంగా ఉంటుంది. మట్టికి ఎరుపునిచ్చే హెమటైట్, పసుపు గోధుమ వర్ణాన్నిచ్చే గోయిథైట్ ఈ విషయంలో ఎంతో బలహీనమైనవి. మట్టి ఎంత ఎర్రగా ఉంటే అంతగా అయస్కాంతానికి అతుక్కుంటుందన్న భావన సరికాదు. నమూనాను స్వల్ప అయస్కాంత క్షేత్రంలో ఉంచి, అది ఎంతగా స్పందిస్తుందో కొలుస్తారు. దీనినే అయస్కాంత ససెప్టిబిలిటీ అంటారు. పరీక్ష నిమిషాలలో ముగుస్తుంది, నమూనా చెడిపోదు.

అయితే మొగ వద్ద చేరిన రేణువు చేరినట్లే ఉండదు. కోరింగ మడ అడవుల వంటి చోట్ల రాలిన ఆకులు బురదలో కుళ్ళి, ప్రాణవాయువు హరించుకుపోతుంది. అప్పుడు కొన్ని సూక్ష్మజీవులు సముద్రజలంలోని సల్ఫేట్‌ను వినియోగించుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడుదల చేస్తాయి. అది మాగ్నటైట్‌ను కరిగిస్తుంది, సన్నని రేణువులు ముందుగా అంతరిస్తాయి. ఇనుము చివరకు అయస్కాంత గుణం దాదాపు లేని పైరైట్‌గా మారుతుంది. మార్పు మధ్యలో నిలిచిపోతే మాత్రం గ్రెగైట్ అనే సల్ఫైడ్ ఏర్పడుతుంది. దానికి బలమైన అయస్కాంత గుణం ఉంది. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద కృష్ణా-గోదావరి బేసిన్ సముద్రగర్భం నుంచి తీసిన మట్టి స్తంభాలలో ఈ రెండు ఖనిజాలపైనా పరిశోధనలు జరిగాయి.

కనుక ఒక పొరలో కొలత తగ్గినంత మాత్రాన ఆ కాలంలో నది తక్కువ ఒండ్రు తెచ్చిందని నిర్ణయించలేము. ఆనకట్టల వల్ల డెల్టాకు చేరే మట్టి ఎంత తగ్గిందో తేల్చదలచినవారికి ఇది కీలకం. రసాయన పరీక్షలు తోడు లేనిదే ఆ అంకె నమ్మదగినది కాదు.

కాలుష్య పరిశీలనలోనూ ఇదే జాగ్రత్త అవసరం. బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదలో అయస్కాంత గుణం గల సూక్ష్మ గోళికలు ఉంటాయి, వాటి వెంట భార లోహాలూ రావచ్చు. గోదావరి ఒండ్రులో సహజ మాగ్నటైటే అధికం కాబట్టి, కొలత పెరిగినచోటల్లా కాలుష్యమని చెప్పడం తొందరపాటు. గుండ్రని గోళికలా, కోసుగా విరిగిన బసాల్ట్ రేణువులా అన్నది సూక్ష్మదర్శినిలో చూసి నిర్ధారిస్తారు.