బ్రౌజరులో ప్లగిన్ ప్రవేశము

ఆదిలో బ్రౌజరు చేయగల పని స్వల్పము. అక్షరములను, కొన్ని రకముల బొమ్మలను తెరమీద చూపెడిది, అంతే. పి.డి.ఎఫ్. పత్రము తారసపడినచో వేరొక ప్రోగ్రామును పిలువవలసి వచ్చెడిది, అది వేరొక కిటికీలో తెరచుకొనెడిది. 1996లో వెలువడిన నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 ఈ కొరతను తీర్చెను. ఇతరులు వ్రాసిన ప్రోగ్రామును బ్రౌజరు తనలోనే చేర్చుకొని, పుటలో కొంత చోటు దానికి వదలివేయును. ఇట్టి ప్రోగ్రాములకే ప్లగిన్‌లని పేరు.

ఈ ఏర్పాటు ఎంత సులభమో, లినక్స్ కంప్యూటరులో ఫ్లాష్ ప్లేయరును చేతితో అమర్చిన విధమును చూచిన తెలియును. అడోబి సంస్థవారి మూటను దింపుకొని విప్పినచో, అందు 'లిబ్‌ఫ్లాష్‌ప్లేయర్.ఎస్ఓ' అను ఫైలు ఉండెడిది. దానిని తన హోమ్ డైరెక్టరీలోని '.మొజిల్లా' ఫోల్డరు లోపల 'ప్లగిన్స్' అను చోట ఉంచి, ఫైర్‌ఫాక్సును మూసి మరల తెరచుటయే పని. చుక్కతో మొదలగు ఫోల్డరులు మామూలుగా కంటికి కనబడవు. కొత్తవారు తడబడినది అచ్చటనే. బ్రౌజరు ఆ ఫోల్డరును వెదకి, ఏ ప్లగిన్ ఏ రకపు సమాచారమును చూపగలదో తెలిసికొని జాబితా వ్రాసికొనును. పుటలో ఆ రకము ఎదురైనంతనే పని ఆ ప్లగిన్‌కు అప్పగించును. ఒక చిక్కు మాత్రము ఉండెడిది. 64 బిట్ల బ్రౌజరులో 32 బిట్ల ప్లగిన్ నేరుగా ఇమడదు. లినక్స్ కొరకు 64 బిట్ల ఫ్లాష్ ప్రయోగరూపమున 2008లో గాని రాలేదు.

ఒక ఫైలును ఒక ఫోల్డరులో ఉంచుట చూచుటకు అల్పకార్యమే. కాని ఇంటికి వచ్చిన ఆ అతిథికి యజమాని తాళపుచెవులన్నియు దక్కెను! వాడుకరి ఫైళ్ళను చదువుటకు, చెరుపుటకు బ్రౌజరుకు ఎంత అధికారము కలదో ప్లగిన్‌కును అంతే. ప్లగిన్‌లో లోపము దొరికినచో, ఒక పుటను తెరచినంతమాత్రముననే దుష్టులకు ద్వారము తెరచుకొనెడిది. ప్లగిన్ కూలినచో బ్రౌజరును కూలెడిది. 2010లో ఫైర్‌ఫాక్స్ 3.6.4 ప్లగిన్‌లను వేరు ప్రక్రియగా నడుపుటచే కూలుట తగ్గినది గాని, వాని అధికారము తగ్గలేదు.

క్రోమ్ 2015లో ఈ పద్ధతిని విడిచెను. 2017లో ఫైర్‌ఫాక్స్, ఫ్లాష్‌ను మాత్రము మినహాయించి, తక్కినవానిని త్రోసివేసెను. 2020 డిసెంబరు 31తో అడోబి ఫ్లాష్‌కు మద్దతు ముగించెను. మరుసటి నెలలో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 85 ఆ ఫోల్డరు వంక చూచుటయే మానినది.

ఇందువలన బడులకు నష్టము కలుగకపోలేదు. ఫ్లాష్‌లో చేసిన కదలు బొమ్మల పాఠములు ఒక్కసారిగా మూగబోయినవి. కొలరాడో విశ్వవిద్యాలయమువారి 'ఫెట్' ప్రయోగములవలె కొన్నిటిని హెచ్.టి.ఎమ్.ఎల్.5లో మరల వ్రాసిరి. అట్లు వ్రాయువారు లేని పాఠములలో పెక్కింటిని 'రఫుల్' అను ప్రోగ్రాము ఆడించుచున్నది. అది బ్రౌజరు గీచిన గిరిలోనే పనిచేయును. వాడుకరి ఫైళ్ళ తాళపుచెవులు దానికి అందవు.