పిడుదులను పరీక్షకు పంపుతున్నారా? ఎన్ని, ఏ ఆవుల నుంచి, ఎలా?

పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు సంకర జాతి ఆవులు పెంచే రైతులకు పిడుదుల (గోమార్ల) బెడద కొత్త కాదు. థైలేరియా, బబీసియా జ్వరాలు వీటి ద్వారానే సోకుతాయి. నాటు ఆవు తట్టుకునే జ్వరానికి జెర్సీ, హెచ్.ఎఫ్. ఆవులు పడిపోతాయి. పిడుదులను పశువైద్యుని ద్వారా ప్రయోగశాలకు పంపితే వాటిలో ఏ సూక్ష్మజీవులున్నాయో తెలుస్తుంది. అయితే సేకరణ సరిగా లేకపోతే ఫలితాన్ని నమ్మలేం.

ఎక్కువ మంది చేసేది ఏమిటంటే, ఒళ్లంతా పిడుదులున్న ఒక్క ఆవు నుంచి గుప్పెడు తీసి పంపడం. మందలో పిడుదులు అన్ని పశువులకూ సమానంగా పట్టవు, కొన్నింటి మీదే గుంపుగా ఉంటాయి. కాబట్టి ఒకే ఆవు మీది 60 పిడుదులు ఆ ఒక్క ఆవు సంగతే చెబుతాయి. అదే 12 ఆవుల నుంచి ఐదేసి తీస్తే అవీ 60 పిడుదులే, కానీ లెక్కలో 12 ఆవులు ఉంటాయి. మీకు రెండు, మూడు ఆవులే ఉంటే ఆరేడు ఇళ్లవారు కలిసి పంపండి. పిడుదులు తక్కువగా ఉన్న ఆవులనూ వదలొద్దు.

చెవులు, గంగడోలు, పొదుగు, తోక కింద వెతకండి. చేతులకు గ్లౌజులు వేసుకుని, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. వేళ్లతో నలపవద్దు, కొన్ని పిడుదులు మనుషులకూ జబ్బులు మోస్తాయి. ఒక్కో ఆవుకు ఒక్కో సీసా వాడి, 70 శాతం ఆల్కహాల్ పోయండి. చెవి పోగు సంఖ్య, ఊరు, తేదీ, చివరిగా పిడుదుల మందు కొట్టిన రోజు పెన్సిల్‌తోనే చీటీపై రాసి సీసాలో వేయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

రిపోర్టులో 'కాక్సియెల్లా' అని ఉంటే బెదిరిపోకండి. పిడుదు రక్తం మీదే బతుకుతుంది, రక్తంలో బి విటమిన్లు చాలవు. ఆ లోటు తీర్చే కాక్సియెల్లా జాతి బ్యాక్టీరియా దాని ఒంట్లోనే కాపురం ఉంటుంది. క్యూ జ్వరం తెచ్చేది దీని దాయాది. రెండింటినీ వేరుచేసే పరీక్ష చేశారా అని అడగండి. శాతాలను కూడా జాగ్రత్తగా చూడాలి. బస్తాలో వేరుశనగ పెరిగితే, కందులు తగ్గకపోయినా వాటి శాతం తగ్గుతుంది కదా! ఇక్కడా అంతే.

30 ఆవులు చూసి ఒక్కదానిలోనూ జబ్బు క్రిమి దొరకకపోతే జబ్బు లేదని కాదు. 3ను 30తో భాగించండి: మందలో 10 శాతం వరకు ఉండే అవకాశం ఇంకా మిగిలే ఉంది. రక్తం నిండిన పిడుదులో క్రిమి కనబడితే అది ఆవు రక్తంలోంచి వచ్చిందీ కావచ్చు, ఆ పిడుదే జబ్బు అంటించిందని చెప్పలేం.

ఆవుకు జ్వరం వచ్చి, మేత మాని, మూత్రం ఎర్రబడితే పిడుదుల ఫలితం కోసం ఆగకండి. పశువైద్యుని పిలవండి లేదా 1962కు ఫోన్ చేయండి. చెవి నరం నుంచి తీసిన రక్తపు చుక్కను గాజు పలకపై పూసి మైక్రోస్కోపు కింద చూస్తే చికిత్స ఆ రోజే మొదలుపెట్టవచ్చు.