తక్కువ ఖర్చుతో పెరట్లో పిల్లల బొమ్మరిల్లు

తెలుగునాట పిల్లల ఆటలలో ఇల్లు కట్టే ఆట చాలా పాతది. తడి ఇసుకను పాదంపై మెత్తి పిచ్చుకగూళ్లు కట్టడం, లక్కపిడతలతో గుజ్జనగూళ్లు వండి వడ్డించడం తరతరాలుగా సాగుతున్నాయి. పిల్లలు లోపల కూర్చుని ఆడుకునే చిన్న కుటీరాన్ని పెరట్లో నిర్మిస్తే, ఆ ఆటకే మరికొంత చోటు దొరుకుతుంది. దుకాణాలలో అమ్మే ప్లాస్టిక్ ఇళ్ల కన్నా చుట్టుపక్కల దొరికే సరుగుడు, వెదురు, తాటాకులతో కట్టినది మన ఎండలకు చల్లగా ఉంటుంది.

ఆట పిల్లల హక్కు

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం విశ్రాంతిని, ఆటను ప్రతి బిడ్డ హక్కుగా గుర్తించింది. భారతదేశం 1992లో ఈ ఒడంబడికలో చేరింది. 2024 నుంచి ఏటా జూన్ 11న అంతర్జాతీయ ఆటల దినాన్ని పాటిస్తున్నారు.

ఆటస్థలానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదని డెన్మార్క్ అనుభవం చెబుతోంది. సిద్ధం చేసి ఇచ్చిన ఆటస్థలాల కన్నా పనికిరాని సామగ్రితో ఆడుకోవడమే పిల్లలకు ఇష్టమని ఉద్యానశిల్పి సోరెన్సెన్ గమనించారు. ఆయన ఆలోచన మేరకు 1943లో కోపెన్‌హాగన్ సమీపంలోని ఎమ్‌డ్రప్‌లో చెక్కముక్కలు, ఇటుకలు, పనిముట్లతో కూడిన ఆటస్థలం ఏర్పాటైంది. అక్కడి పిల్లలు తమ ఇళ్లను తామే కట్టుకున్నారు.

కొలతలు, సామగ్రి

ముగ్గురు, నలుగురు చిన్నపిల్లలకు 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల స్థలం సరిపోతుంది. వంటింటి కిటికీ నుంచో, వరండా నుంచో కనిపించే చోటును ఎంచుకోవాలి. బావి, నీటితొట్టి, విద్యుత్ తీగలు దగ్గరలో ఉండరాదు. కొబ్బరిచెట్టు కింద కట్టకూడదు.

ముందుగా నేలను 6 అంగుళాలు ఎత్తు చేయాలి. చుట్టూ రెండు వరుసల ఇటుకలు పేర్చడానికి సుమారు 60 ఇటుకలు, మధ్యలో నింపడానికి సుమారు 15 ఘనపుటడుగుల మట్టి, ఇసుక కావాలి. పాత కట్టడం నుంచి తీసిన ఇటుకలు ఇందుకు చక్కగా పనికివస్తాయి.

నాలుగు మూలలకు ఐదున్నర అడుగుల గుంజలు నాలుగు, వెడల్పు వైపుల మధ్యలో పాతడానికి 8 అడుగుల గుంజలు రెండు తీసుకోవాలి. ప్రతి గుంజను అడుగున్నర లోతున పాతితే మూలలు నాలుగు అడుగులు, నడుమ ఆరున్నర అడుగుల ఎత్తు వస్తాయి. మధ్య గుంజలపై వెన్నుదూలం, మూలగుంజలపై రెండు అడ్డదూలాలు కట్టాలి. ఒక్కొక్కటి 7 అడుగులుంటే రెండు కొసలా అర అడుగు చూరు మిగులుతుంది. రెండు వాలులకు కలిపి నాలుగుంబావు అడుగుల వాసాలు పది అవసరమవుతాయి. అప్పుడు కప్పు విస్తీర్ణం సుమారు 60 చదరపు అడుగులు. ఆకుకప్పుకు వాలు ఎంత నిటారుగా ఉంటే వాననీరు అంత త్వరగా జారిపోతుంది.

కప్పుకు తాటాకు, కొబ్బరాకు, రెల్లుగడ్డిలో దగ్గరగా దొరికేదే చవక. గోడలుగా రెండున్నర అడుగుల ఎత్తు తడికలు చాలు. పైభాగం ఖాళీగా ఉంటే గాలి ఆడుతుంది, లోపలి పిల్లలు పెద్దల కంటికి కనబడతారు. మధ్య గుంజకు ఒక పక్కన 2 అడుగుల వాకిలి వదలాలి. తలుపు, గడియ పెట్టకుండా పాతచీరను తెరగా కట్టడం మేలు.

2017లో భారతీయ అటవీ చట్టానికి చేసిన సవరణ తర్వాత, అటవీయేతర భూమిలో పెరిగిన వెదురు ఆ చట్టం ప్రకారం చెట్టుగా పరిగణనలోకి రాదు. సొంత దొడ్లో వెదురుపొద ఉన్నవారికి ఇది వెసులుబాటు. పచ్చివెదురును కొన్ని వారాలు నీటిలో నానబెట్టి, నీడలో ఆరబెడితే అందులోని పిండిపదార్థం తగ్గి పురుగు పట్టడం తగ్గుతుంది.

ఎక్కడ పొదుపు, ఎక్కడ కాదు

ఇటుకలు, తడికలు, కప్పు విషయంలో పొదుపు చేయవచ్చు. గుంజలు, కట్లు మాత్రం గట్టివి కావాలి. ఈదురుగాలికి ముందు కదిలేది ఆ రెండే. తుపానులు వచ్చే తీరప్రాంతంలో కట్లను ఏటా వర్షాకాలానికి ముందు పరీక్షించుకోవాలి.

చవకగా దొరుకుతున్నా కొన్ని వస్తువులు వాడరాదు. ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంటు రేకులు పగిలినప్పుడు, కోసినప్పుడు వెలువడే నూలుపోగుల వంటి ధూళి క్యాన్సర్‌కు కారణమవుతుంది. క్రియోసోట్ పట్టించిన పాత రైలు స్లీపరు చెక్కలు, పురుగుమందుల డబ్బాలు పిల్లల దరికి రానీయకూడదు. గృహావసరాల రంగులలో సీసం 90 పీపీఎం మించరాదని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి మూలనపడి ఉన్న పాత రంగుల డబ్బాలను వాడకపోవడమే మంచిది. ఇనుపరేకు కప్పు మే నెలలో లోపలి గాలిని వేడెక్కిస్తుంది. ఆటకు పెట్టిన పాత టైర్లలో నీరు నిలిస్తే డెంగీ దోమలు గుడ్లు పెడతాయి, వాటికి రంధ్రాలు చేయాలి.

భద్రత

తడికలలో, కర్రల మధ్య 9 నుంచి 23 సెంటీమీటర్ల సందులు ప్రమాదకరం. వాటిలో పిల్లల శరీరం దూరి తల ఇరుక్కుపోవచ్చు. చూరు పిల్లల కళ్ల ఎత్తున ఉంటుంది కనుక వాసాల కొసలను నునుపు చేసి గుడ్డ చుట్టాలి. మేకుల మొనలు, తీగల కొసలు బయటికి కనిపించరాదు.

లోపల తినుబండారాలు మిగిలితే ఎలుకలు చేరతాయి, వాటి వెనుక పాములు వస్తాయి. అందువల్ల రోజూ ఊడ్చాలి, చుట్టూ గడ్డి, ఇటుకల గుట్టలు లేకుండా చూడాలి. వర్షాకాలంలో పిల్లల కన్నా ముందు పెద్దలు లోపలికి తొంగిచూసి, కర్రతో తట్టి పరిశీలించాలి. ఆకుకప్పు కింద దీపం, అగరువత్తి వెలిగించరాదు. దీపావళినాడు కప్పును తడిపి, టపాసులను దూరంగా కాల్చుకోవాలి.

రెండు, మూడేళ్లకు ఆకు మార్చవలసి వస్తుంది. ఆ పనిలో పిల్లలకూ చోటు ఇవ్వవచ్చు. ఆకు అందించడం, మట్టి నింపడం, అరుగు అలికి ముగ్గు వేయడం వారికి చేతనైన పనులు. తాము కూడా చేయివేసి కట్టిన ఇంటిని పిల్లలు శ్రద్ధగా చూసుకుంటారు.