బావినీటి ప్రాణుల వంశచరిత్ర

బావినీటిలో చిన్న పురుగు కనబడినచో మనము వడగట్టి పారవేయుదుము. అట్టి అల్పప్రాణి వంశచరిత్ర రాజవంశముల చరిత్రలకంటె ప్రాచీనమని నేడు మీకు మనవి చేయదలచితిని.

1922లో స్టాన్లీ కెంపు, చోప్రా అను శాస్త్రజ్ఞులు గారో కొండలలోని సిజు గుహను శోధించిరి. అచ్చటి మంచినీటి రొయ్యను కెంపు గారు 1924లో నూతనజాతిగా ప్రకటించిరి. పిదప 1950లో చోప్రా, తివారి గార్లు కాశీబావులలో దొరకిన, రొయ్యలకు దాయాదియైన యొక ప్రాణికి నికోల్సియా అని పేరిడిరి. 2011లో విల్సను, వై. రంగారెడ్డి గార్లు ఆంధ్రదేశపు భూగర్భజలములందలి అట్టి ప్రాణికే ఆంధ్రకాయిడిస్ అను క్రొత్త ప్రజాతిని నెలకొల్పిరి. ఈ ప్రజాతికి చెందిన జాతి యొకటి బెలుం గుహలో కలదు.

చీకటిలో వసించు ఈ దాయాదులకు కన్నులు లేవు. కాళ్లు, మీసములు, దవడలు సూక్ష్మదర్శినితో పోల్చి చూచి జాతిని నిర్ణయింతురు. అట్లు పోల్చగా వీని జ్ఞాతులు పశ్చిమ ఆస్ట్రేలియాలోను టాస్మేనియాలోను కానవచ్చినవి. మంచినీటి ప్రాణి మహాసముద్రమును ఈదజాలదు గదా! ఆ దేశములును మన దేశమును ఒకప్పుడు గోండ్వానా యను ఒక్క భూఖండమై యుండెననుటకు ఇవి సాక్షులు.

చిట్కుల్ పరిసరములలో, పటాన్‌చెరు కర్మాగారముల వ్యర్థజలముచే భూగర్భజలము చెడిన సంగతి మీరెరుగుదురు. వెదకి చూడకమునుపే నీరు విషమైనచో, అందలి ప్రాణుల చరిత్ర యెన్నటికిని తెలియదు. కావున మీ ఊరి పాతబావిని పూడ్చకమునుపు, నీటిని సన్నని గుడ్డతో వడగట్టి, దొరకిన ప్రాణిని విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులకు చూపుడని నా ప్రార్థన.