టెట్‌ గడువు 2027: ఉప్పల్‌, నాచారంలో ఏ స్కూల్‌ టీచర్‌కు ఏ నిబంధన?

ఉప్పల్‌, నాచారం ప్రాంతంలో నాలుగు రకాల బడులు పక్కపక్కనే నడుస్తున్నాయి. జిల్లా పరిషత్‌, మండల పరిషత్‌ పాఠశాలలు ఒక రకం. కేంద్రీయ విద్యాలయాలు రెండో రకం. ప్రతి కాలనీలో కనిపించే ప్రైవేటు స్కూళ్లు మూడోది. మైనారిటీ సంస్థలు నడిపే బడులు నాలుగోది. టీచర్ల అర్హతలు, బాధ్యతల గురించి మాట్లాడే ప్రధాన చట్టం మాత్రం ఒక్కటే: 2009 నాటి విద్యా హక్కు చట్టం. అయితే అది ఈ నాలుగు చోట్లా ఒకేలా అమలు కాదు.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన టెట్‌ తీర్పుతో ఈ తేడా ఏకంగా ఉద్యోగాల దాకా వచ్చింది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న టీచరు కూడా మళ్లీ పరీక్ష హాల్లో కూర్చోవాల్సి వస్తోంది. ఈ తీర్పు ఎవరికి వర్తిస్తుంది? జవాబుదారీతనం పేరుతో చట్టం టీచర్‌ను ఏం అడుగుతోంది? బదులుగా ఏ రక్షణ ఇస్తోంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

తీర్పులో ఏముంది?

అంజుమన్‌ ఇషాత్‌ ఎ తలీమ్‌ ట్రస్టు, మహారాష్ట్ర ప్రభుత్వం మధ్య నడిచిన కేసులో జస్టిస్‌ దీపాంకర్‌ దత్తా, జస్టిస్‌ ఆగస్టీన్‌ జార్జ్‌ మసీహ్‌ ధర్మాసనం ఈ తీర్పు చెప్పింది. 1 నుంచి 8 తరగతులకు బోధించే టీచర్‌కు టెట్‌ కనీస అర్హతేనని తేల్చింది. ముఖ్యాంశాలు ఇవి.

ఒకటి, విద్యా హక్కు చట్టం రాకముందు ఉద్యోగంలో చేరి, తీర్పు నాటికి ఇంకా ఐదేళ్లకు పైగా సర్వీసు మిగిలి ఉన్నవారు రెండేళ్లలో టెట్‌ పాసవ్వాలి. అంటే 2027 ఆగస్టు నెలాఖరులోగా అన్నమాట.

రెండు, ఐదేళ్ల లోపే సర్వీసు ఉన్నవారు టెట్‌ లేకుండానే పదవీ విరమణ దాకా కొనసాగవచ్చు. కానీ పదోన్నతి కావాలంటే మాత్రం టెట్‌ ఉండాల్సిందే.

మూడు, గడువులోగా పాస్‌ కానివారు ఉద్యోగం వదులుకోవాలి, లేదా నిర్బంధ పదవీ విరమణకు సిద్ధపడాలి. నిబంధనల ప్రకారం ఉండాల్సినంత సర్వీసు ఉంటే రావాల్సిన ప్రయోజనాలు ఇస్తారు.

నాలుగు, కొత్తగా టీచరుగా చేరాలన్నా టెట్‌ తప్పనిసరి.

పాతవారికి మినహాయింపు ఉండేది కదా?

ఉండేది. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి (ఎన్‌సీటీఈ) 2010 ఆగస్టు 23న టెట్‌ను కనీస అర్హతల్లో చేర్చినప్పుడు, అంతకుముందే నియమితులైన వారికి వెసులుబాటు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి టెట్‌ 2011లో జరిగింది. అందుకే డీఎస్సీ-2008, అంతకుముందు డీఎస్సీల ద్వారా వచ్చినవారు టెట్‌ రాయకుండానే చేరారు. డీఎస్సీ-2012, తెలంగాణ వచ్చాక జరిగిన టీఆర్‌టీ-2017, డీఎస్సీ-2024 ద్వారా వచ్చిన ఎస్‌జీటీలు, స్కూల్‌ అసిస్టెంట్లు టెట్‌ ఉన్నవారే.

2017లో పార్లమెంటు విద్యా హక్కు చట్టాన్ని సవరించింది. 2015 మార్చి 31 నాటికి ఉద్యోగంలో ఉండి కనీస అర్హతలు లేనివారు 2019 మార్చి 31లోగా వాటిని సంపాదించుకోవాలని చెప్పింది. అప్పట్లో దీన్ని డీఈఎల్‌ఈడీ శిక్షణ లేనివారి వ్యవహారంగానే చాలామంది చూశారు. టెట్‌ కూడా కనీస అర్హతే కాబట్టి ఆ సవరణ పాతవారికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఇప్పుడు స్పష్టం చేసింది. ఏళ్ల తరబడి చేసిన సర్వీసును దృష్టిలో పెట్టుకుని, రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేక అధికారంతో రెండేళ్ల గడువు, ఐదేళ్ల మినహాయింపు ఇచ్చింది.

ఈ తీర్పును పునఃసమీక్షించాలని ఉత్తరప్రదేశ్‌, తమిళనాడు వంటి రాష్ట్రాలు కోరాయి. అయితే పిటిషన్‌ వేసినంత మాత్రాన గడువు ఆగదు. కోర్టు స్టే ఇస్తేనే ఆగుతుంది. ఎవరో కేసు వేశారు కదా అని చదువు పక్కన పెట్టడం ప్రమాదం.

మీరు ఏ బడిలో పనిచేస్తున్నారు?

జిల్లా పరిషత్‌, మండల పరిషత్‌, ప్రభుత్వ పాఠశాలలు: రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 61 ఏళ్లు. మీరు 1969 ఆగస్టు లేదా అంతకుముందు పుట్టి ఉంటే, తీర్పు నాటికి మీకు ఐదేళ్ల లోపే సర్వీసు ఉన్నట్టు. మీరు కొనసాగవచ్చు. ఆ తర్వాత పుట్టి, టెట్‌ లేకపోతే 2027 గడువు మీకే. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారు సీపీఎస్‌లో ఉన్నారు. మధ్యలో ఉద్యోగం పోతే వీరి ఖాతాలో జమ కూడా అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి డీఎస్సీ-2006, 2008 బ్యాచ్‌లకు ఈ పరీక్ష మరింత కీలకం.

కేంద్రీయ విద్యాలయాలు: ఇక్కడ పదవీ విరమణ వయసు 60. కాబట్టి ఐదేళ్ల లెక్కకు 1970 ఆగస్టును గీతగా తీసుకోండి. వీరికి సంబంధించిన పరీక్ష సీటెట్‌.

ప్రైవేటు స్కూళ్లు: టెట్‌ ప్రభుత్వ టీచర్లకే అనుకోవడం పొరపాటు. అర్హతల గురించి చెప్పే 23వ సెక్షన్‌ గుర్తింపు పొందిన ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. తీర్పులోని రెండేళ్ల వెసులుబాటు విద్యా హక్కు చట్టానికి ముందు చేరినవారి గురించి. టెట్‌ నిబంధన వచ్చాక, టెట్‌ లేకుండా చేరినవారికి ఆ అర్హత మొదటి రోజు నుంచే ఉండాల్సింది. అంటే నాచారంలోని ఏ చిన్న స్కూల్లోనో 2016లో చేరిన టీచరు, 2027 దాకా సమయం ఉందని ధీమాగా ఉండటానికి లేదు. దొరికిన తొలి టెట్‌కే దరఖాస్తు చేసుకోవడం మంచిది.

మైనారిటీ బడులు: 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ విద్యాసంస్థలను విద్యా హక్కు చట్టం పరిధి నుంచి తప్పించింది. అది సరైనదేనా అన్న సందేహాన్ని 2025 తీర్పులోని ధర్మాసనం విస్తృత ధర్మాసనానికి నివేదించాలని చెప్పింది. అది తేలేదాకా ఈ టీచర్ల మీద టెట్‌ ఒత్తిడి లేదు. కానీ రేపు వేరే స్కూల్‌కు మారాలనుకుంటే టెట్‌ అడుగుతారు.

పరీక్ష ఎలా ఉంటుంది?

తెలంగాణ టెట్‌ను ఏడాదికి రెండుసార్లు నిర్వహించాలన్నది ప్రభుత్వ నిర్ణయం. పరీక్ష కంప్యూటర్‌ మీద రాయాలి. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటల సమయం. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. పాస్‌ కావడానికి జనరల్‌ అభ్యర్థులకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 మార్కులు రావాలి.

1 నుంచి 5 తరగతులకు పేపర్‌-1, 6 నుంచి 8 తరగతులకు పేపర్‌-2. పేపర్‌-1లో శిశు వికాసం, మొదటి భాష, ఇంగ్లీష్‌, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కోదానికి 30 మార్కులు. పేపర్‌-2లో శిశు వికాసం, రెండు భాషలకు కలిపి 90 మార్కులు పోగా, మిగిలిన 60 గణితం-సైన్స్‌కు లేదా సోషల్‌కు.

పాత టీచర్లకు అసలు కష్టం ఈ 60 మార్కుల దగ్గరే. ఇరవై ఏళ్లుగా జీవశాస్త్రమే చెబుతున్న స్కూల్‌ అసిస్టెంట్‌కు తన సబ్జెక్టు నుంచి వచ్చేవి 15 మార్కులే. మరో 15 భౌతిక, రసాయన శాస్త్రాలకు, 30 గణితానికి. హిందీ పండిట్‌ కూడా గణితం-సైన్స్‌ లేదా సోషల్‌లో ఒకటి ఎంచుకోవాలి, ఇంగ్లీషూ రాయాలి. కాబట్టి తన సబ్జెక్టు మీద కంటే శిశు వికాసం, భాషల మీద ముందు పట్టు సాధిస్తే 90 మార్కుల భాగంలో ఎక్కువ తెచ్చుకోవచ్చు.

ఇదివరకు ఎప్పుడైనా టెట్‌ పాసై ఉంటే మళ్లీ రాయనక్కర్లేదు. మొదట్లో సర్టిఫికెట్‌కు ఏడేళ్ల కాలపరిమితి ఉండేది. 2021లో దాన్ని జీవితకాలానికి మార్చారు. 2011 నుంచి పాసైనవారికీ ఇది వర్తిస్తుంది. అయితే అది మీరు చెప్పే తరగతులకు తగిన పేపరేనా అన్నది చూసుకోండి.

జవాబుదారీతనం అంటే చట్టం ఏం అడుగుతోంది?

24వ సెక్షన్‌లో టీచర్‌ విధుల జాబితా ఉంది. వేళకు క్రమం తప్పకుండా రావడం, గడువులోగా సిలబస్‌ పూర్తి చేయడం, ఒక్కో పిల్లవాడి స్థాయిని అంచనా వేసి వెనకబడినవారికి అదనంగా చెప్పడం, తల్లిదండ్రులతో తరచూ సమావేశమై హాజరు, చదువు గురించి వివరించడం అందులో ముఖ్యమైనవి. పాటించకపోతే సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. ఆ చర్యకు ముందు వివరణ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌ చెబుతోంది.

రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో 2025 ఆగస్టు 1 నుంచి టీచర్లకు ముఖ గుర్తింపు హాజరు మొదలైంది. యాప్‌ పనిచేయక హాజరు పడని రోజు ఆ సంగతి అదే రోజు హెచ్‌ఎంకు రాసి ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

17వ సెక్షన్‌ ప్రకారం పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం నిషిద్ధం. 28వ సెక్షన్‌ ట్యూషన్లు చెప్పడాన్ని నిషేధిస్తోంది. జీతం చాలక సాయంత్రాలు ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పే ప్రైవేటు టీచర్లు ఈ నిషేధం ప్రభుత్వ టీచర్లకే అనుకుంటారు. చట్టం ఆ తేడా చూపలేదు.

టీచర్‌కు చట్టం ఏం ఇస్తోంది?

పిల్లల సంఖ్యకు తగినంత మంది టీచర్లు: ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు కనీసం ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉండాలి. 6 నుంచి 8 తరగతుల్లో 35 మందికి ఒకరు. ప్రభుత్వ బడుల్లో ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు. సిలబస్‌ ఎందుకు పూర్తి కాలేదని మెమో వస్తే, మీ బడిలో ఈ లెక్క తప్పి ఉంటే వివరణలో ఆ అంకెలే ముందు రాయండి.

బోధనేతర పనుల నుంచి రక్షణ: 27వ సెక్షన్‌ మూడు పనులకే మినహాయింపు ఇచ్చింది. పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, స్థానిక సంస్థల నుంచి పార్లమెంటు దాకా జరిగే ఎన్నికల విధులు. 2024 నవంబరులో రాష్ట్రంలో ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు ప్రాథమిక బడుల టీచర్లు ఎన్యూమరేటర్లుగా వెళ్లారు. బడులు ఒంటిపూట నడిచాయి. ఆ మూడింటిలో రాష్ట్ర సర్వేల ప్రస్తావన లేదు. జనగణన సంగతి వేరు, దాన్ని కాదనలేరు. ప్రధాన దశ 2027 ఫిబ్రవరిలో ఉంది, టెట్‌ గడువుకు సరిగ్గా ఆరు నెలల ముందు. చదువుకునే ప్రణాళికలో ఆ నెలను లెక్కలోంచి తీసేయండి.

ప్రైవేటు టీచర్‌కు: 1982 నాటి రాష్ట్ర విద్యా చట్టం ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థలో టీచర్‌ను తొలగించాలన్నా, హోదా తగ్గించాలన్నా ఆరోపణలు తెలిపి, విచారణ జరిపి, వాదన వినాలి. ఐదేళ్లు నిరంతరాయంగా పనిచేస్తే గ్రాట్యుటీ కూడా హక్కే. ప్రైవేటు టీచర్లకు గ్రాట్యుటీ ఇచ్చే సవరణను 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు సమర్థించింది. టెట్‌ లేదని చెప్పి పంపించేసినా, అప్పటిదాకా చేసిన సర్వీసుకు రావాల్సిన గ్రాట్యుటీ పోదు.

ఇప్పుడు చేయాల్సినవి

సర్వీసు రిజిస్టర్‌ తీసి పుట్టిన తేదీ, నియామక తేదీ, ఏ డీఎస్సీ అన్నవి సరిచూసుకోండి. పాత టెట్‌ మెమో ఉంటే దాన్ని రిజిస్టర్‌లో నమోదు చేయించండి.

సందేహం ఉంటే వాట్సాప్‌ గ్రూపుల్లో తిరిగే మాటలను నమ్మకండి. ఉప్పల్‌ ఎంఈవో ద్వారా మేడ్చల్‌-మల్కాజిగిరి డీఈవోకు లిఖితపూర్వకంగా అడగండి. సీటెట్‌ సర్టిఫికెట్‌ చెల్లుతుందా, పేపర్‌-1 ఉండి హైస్కూల్‌కు మారితే పేపర్‌-2 రాయాలా వంటి ప్రశ్నలకు రాతపూర్వక సమాధానమే రేపు పనికొస్తుంది.

ప్రైవేటు టీచర్లు నియామక పత్రం, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్‌ ఖాతా వివరాలు భద్రపరచుకోండి. చాలా చోట్ల నియామక పత్రమే ఇవ్వరు. అప్పుడు జీతం బ్యాంకులో పడిన రుజువే మీ సర్వీసుకు ఆధారం.

పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లల టీచర్‌కు టెట్‌ ఉందా అని అడిగే హక్కు మీకుంది. అదే సమావేశంలో ఈ బడిలో ఎంతమంది పిల్లలకు ఎంతమంది టీచర్లున్నారు, ఈ ఏడాది ఎన్ని రోజులు వారిని వేరే పనులకు పంపారు అని కూడా అడగండి. మొదటి ప్రశ్నకు టీచరు జవాబు చెప్పాలి, మిగతా రెండింటికి యాజమాన్యం, విద్యాశాఖ చెప్పాలి.