ఒక్క యంత్రంలో పద్నాలుగు కంప్యూటర్లు

తిరువూరులో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు సర్వర్ల పని నేర్చుకోవాలంటే విజయవాడో, హైదరాబాద్ అమీర్‌పేటో వెళ్లి, హాస్టల్లో ఉండి, ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో తమ వంతు కోసం చూడటమే ఏళ్లుగా దారి. ఇప్పుడా ల్యాబ్ ఇంట్లో బల్ల మీదే పట్టేస్తుంది. ఆ వీలు కల్పించింది వర్చువలైజేషన్. ఒక కంప్యూటర్‌ను అనేక కంప్యూటర్లుగా పనిచేయించే ఈ విద్యకు దాదాపు అరవై ఏళ్ల వయసుంది. ఇంట్లో కట్టుకునే మెషీన్‌కు ఏ భాగం ఎందుకు కొనాలో ఈ చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది.

1960లలో కంప్యూటరంటే గది నిండా పరుచుకున్న మెయిన్‌ఫ్రేమ్. అంత ఖరీదైనదాన్ని పదిమందికి పంచేదెలా? అమెరికాలోని కేంబ్రిడ్జిలో, ఐబీఎం పరిశోధన కేంద్రంలో రాబర్ట్ క్రీసీ, లెస్ కోమోల బృందం దీనికి సీపీ-40 అనే జవాబు కనిపెట్టింది. 1967లో వాడుకలోకి వచ్చిన ఈ వ్యవస్థ ఒకే యంత్రంపై 14 వర్చువల్ మెషీన్లను నడిపింది. ఎవరికి వారికి సొంత కంప్యూటర్ ఉన్నట్టే ఉండేది. ఒకరి ప్రోగ్రామ్ కుప్పకూలినా పక్కవారి పని ఆగేది కాదు. 1972లో ఐబీఎం దీని వారసురాలిని వీఎం/370 పేరుతో తన కస్టమర్లకు అందించింది.

చౌకగా పీసీలు వచ్చాక పంచుకునే అవసరం తగ్గింది. పైగా పీసీల్లోని ఎక్స్86 ప్రాసెసర్ ఈ పనికి లొంగేది కాదు. వర్చువల్ మెషీన్ ఇచ్చే కొన్ని కీలక ఆదేశాలు ఆ మెషీన్లన్నిటినీ అదుపుచేసే ప్రోగ్రామ్, అంటే హైపర్‌వైజర్ కంట పడకుండానే జారిపోయేవి. 1998లో పుట్టిన వీఎంవేర్ కంపెనీ, ఆ ఆదేశాలను అప్పటికప్పుడు తిరగరాసి చిక్కు విప్పింది. 2003లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జెన్ హైపర్‌వైజర్, ఆపరేటింగ్ సిస్టమ్‌నే సవరించి నడిపింది. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ వర్చువలైజేషన్‌కు కావలసిన సాయాన్ని చిప్‌లోనే పెట్టాయి. దాని ఆధారంగా అవీ కివిటీ రాసిన కేవీఎం 2007 ఫిబ్రవరిలో లినక్స్ 2.6.20తో వచ్చింది. అలాంటి చిప్ ఉన్న ప్రతి లినక్స్ మెషీనూ ఉచితంగా హైపర్‌వైజర్ కాగలిగింది.

అందుకే పాత ఆఫీసు పీసీ కొన్నా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో విడిభాగాలు కొని బిగించుకున్నా, ముందు ప్రాసెసర్‌కు ఆ సాయం, అంటే ఇంటెల్‌దైతే వీటీ-ఎక్స్, ఏఎండీదైతే ఏఎండీ-వీ, ఉందో లేదో చూడాలి. బయోస్‌లో దాన్ని ఆన్ చేయాలి. ఆ తర్వాత డబ్బు ర్యామ్ మీద పెట్టాలి. ప్రాసెసర్‌ను వర్చువల్ మెషీన్లు వంతులవారీగా వాడుకుంటాయి కానీ, మెమరీలో ప్రతిదానికీ తన వాటా కావాలి. 32 జీబీ ఉంటే చిన్న లినక్స్ సర్వర్లు పది హాయిగా నడుస్తాయి. అన్నీ ఒకేసారి డిస్క్ మీద పడతాయి గనుక హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ కావాలి. కరెంటు పోతే పదీ ఒక్కసారే ఆరిపోతాయి గనుక యూపీఎస్ కూడా ఉండాలి. కేవీఎంను వెబ్ బ్రౌజర్ నుంచే నడిపించే ప్రాక్స్‌మాక్స్ సాఫ్ట్‌వేర్ 2008 నుంచి ఉచితంగా దొరుకుతోంది.

ఒకరి పొరపాటు మరొకరికి తగలకూడదన్న 1967 నాటి జాగ్రత్తే నేర్చుకునేవారికి అసలు వరం. వర్చువల్ మెషీన్ అప్పటి స్థితిని స్నాప్‌షాట్‌గా దాచుకుని, డేటాబేస్ సర్వర్‌ను కావాలనే పాడుచేసి, మళ్లీ నిలబెట్టొచ్చు. పదిమంది వాడే ల్యాబ్‌లో ఆ స్వేచ్ఛ దొరకదు. సర్వర్ల పని చేతికి వచ్చేది ఆ స్వేచ్ఛతోనే. అది సొంత ఊళ్లో, సొంత ఇంట్లో దొరుకుతున్నప్పుడు తిరువూరు పిల్లలు వాడుకోవాలి.